ఎఫ్1 మీదుండి సిటిజన్‌ని పెళ్లి చేసుకుంటే: కోర్టు పెళ్లి ముందా, ఇండియా పెళ్లి ముందా?

హన్మకొండ_కుర్రోడు
అన్నలూ అక్కలూ నమస్తే. డెంటన్‌ల (టెక్సస్) ఎంఎస్ చేస్తున్న, ఎఫ్1 స్టూడెంట్ వీసా. మే నెలల అయిపోతది. నేను చేసుకోబోయే అమ్మాయి ఇక్కడ్నే పుట్టింది, అమెరికా సిటిజన్, ప్లేనోల నర్సు. వాళ్ల అమ్మానాన్నలది ఖమ్మం దిక్కు. రెండిళ్లల్ల ఒప్పుకున్నరు. పంచాయితీ అంతా ముహూర్తం కాడ వచ్చింది. మా అమ్మ శ్రావణంల హన్మకొండల్నే చేయాలంటది, ఫంక్షన్ హాల్ గూడ మాట్లాడి పెట్టిన్రు. నా వీసా స్టాంపు 2029 దాక ఉన్నది. పోయి పెళ్లి చేసుకొని, అదే వీసా మీద వాపస్ వచ్చి గ్రీన్‌కార్డుకు వేద్దామనుకున్న. అమ్మాయి వాళ్ల నాన్న మాత్రం ముందుగాల ఇక్కడ కోర్టుల చేసుకొని పేపర్లు వేయుండ్రి, మిగతాది తర్వాత చూద్దాం అంటున్నడు. నడుమ ఓపీటీ (చదువైనంక ఇక్కడ పని చేసుకునే పర్మిషన్) గూడ వేసేదుంది. ఏది ముందు, ఏది ఎన్క? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కొబ్బరాకు
శుభం తమ్ముడూ. ఒక ముక్క మాత్రం నేను చెప్తా. ఈ ఏడాది, 2026లో, అధిక జ్యేష్ఠం వచ్చింది, శ్రావణం ఆగస్టు సగానికి గానీ రాదు. అప్పటికి నీ చదువు అయిపోయి, ఆ తర్వాత ఇచ్చే 60 రోజులు కూడా దాటిపోతాయి. ఓపీటీ లేకుండా ఆ స్టాంపు పట్టుకుని వెనక్కి రావడం అనేదే ఉండదు. స్టాంపు 2029 దాకా ఉంటే ఏం లాభం? మిగతాది పెద్దోళ్లు చెప్తారు, నేను జంతికల డబ్బా ముందేసుకుని కూర్చుంటా.

ఎడిసన్_పెద్దాయన
తమ్ముడూ, నీ కాబోయే మామగారు లోకం చూసిన మనిషి. ఆయన మాట విను.

ఎఫ్1 అంటే చదువయ్యాక వెళ్లిపోతానని చెప్పి తీసుకున్న వీసా. హెచ్‌1బీ వాళ్లకి గ్రీన్‌కార్డు ఆలోచన ఉన్నా తప్పు కాదు, ఆ వెసులుబాటు దీనికి లేదు. సిటిజన్‌ని పెళ్లాడి, గ్రీన్‌కార్డు వేద్దామన్న ఉద్దేశంతోనే విమానం దిగావనుకో. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆఫీసర్ ఎందుకొచ్చావంటే ‘చదువుకోడానికి’ అంటావు. అది అబద్ధం కింద రాసుకుంటే జన్మంతా వెంటపడుతుంది, వెయివర్ (ప్రత్యేక మినహాయింపు) తెచ్చుకుంటే తప్ప గ్రీన్‌కార్డు రాదు. పోనీ నిజం చెప్పావా, అక్కడి నుంచి అటే తిప్పి పంపొచ్చు.

90 రోజుల రూల్ అని అందరూ అంటుంటారు. అది స్టేట్ డిపార్ట్‌మెంట్ తన కాన్సులర్ ఆఫీసర్లకు ఇచ్చిన కొలమానం. దిగిన 90 రోజుల్లోపు సిటిజన్‌ని పెళ్లాడి ఇక్కడే కాపురం పెడితే, వచ్చేటప్పుడే ఆ ఆలోచన ఉందని అనుకోవచ్చు అని. ఇక్కడ గ్రీన్‌కార్డు అప్లికేషన్లు చూసే యూఎస్‌సీఐఎస్‌ దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. అలాగని 91వ రోజు దాటితే ఎవరూ అడగరనీ కాదు. నువ్వు ఆఖరిసారి ఎప్పుడు దిగావు?

ఇండియాలోనే చేసి తీరాలంటే దారి వేరే ఉంది. పెళ్లి చేసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. అమ్మాయి ఇక్కడికొచ్చి నీ కోసం ఐ-130 పిటిషన్ వేస్తుంది, నీకు ముంబై కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ పడుతుంది. ఏడాది పైమాటే అనుకో. అన్నాళ్లూ నువ్వు హన్మకొండలో, ఆ అమ్మాయి ప్లేనోలో.

హన్మకొండ_కుర్రోడు
2024 ఆగస్టుల వచ్చిన అన్నా, మళ్ల బయటికి పోలే.

ఎడిసన్_పెద్దాయన
అయితే ఆ రూల్‌తో నీకు పనే లేదు. కదలకుండా ఇక్కడే చేసుకో.

అత్తిలి_అమ్మాయి
నేను ఎఫ్1 నుంచి ఇలాగే మారాను, మా ఆయన ఇక్కడ పుట్టినవాడే. పెద్దాయన గారు చెప్పింది నిజం. నువ్వు అనుకున్నంత కష్టం మాత్రం కాదు తమ్ముడూ.

సిటిజన్ భార్య, భర్త అయితే ‘ఇమ్మీడియట్ రిలేటివ్’ కింద వస్తావు. కంపెనీ ద్వారా వేసిన మనవాళ్లు ప్రయారిటీ డేట్ (తమ వంతు తేదీ) కోసం పదేళ్లకు పైగా నెలనెలా వచ్చే వీసా బులెటిన్ చూస్తూ కూర్చున్నారే, ఆ లైను నీకు లేదు. ఇండియాలో పుట్టావా చైనాలో పుట్టావా అని చూడరు. అందుకే ఆమె వేసే ఐ-130, నువ్వు వేసే గ్రీన్‌కార్డు అప్లికేషన్ ఐ-485 రెండూ ఒకే కవర్లో పంపొచ్చు. దాంతోపాటే వర్క్ పర్మిట్‌కి ఐ-765, ప్రయాణానికి ఐ-131 (అడ్వాన్స్ పెరోల్, అంటే కేసు నడుస్తుండగా బయటికెళ్లి తిరిగొచ్చే అనుమతి), ఆమె సంతకంతో స్పాన్సర్ అఫిడవిట్ ఐ-864.

ఖర్చు చెప్పనా? కాగితం మీద వేస్తే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440, వర్క్ పర్మిట్‌కి 260, అడ్వాన్స్ పెరోల్‌కి 630. మొత్తం 3,005. మెడికల్ వేరే, అది డాక్టర్‌ని బట్టి. చెక్కు రాయకు! 2025 అక్టోబరు 28 నుంచి చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం మానేశారు. కార్డు మీద కట్టే ఫారమో, బ్యాంకు ఖాతా నుంచి కట్టే ఫారమో జతచేయాలి, ఒక్కో అప్లికేషన్‌కి ఒక్కోటి. అన్నీ కలిపి ఒకే కార్డు ఫారం మీద రాస్తే కవరంతా తిరిగొస్తుంది.

మెడికల్ కూడా ముందే చేయించుకో. 2024 డిసెంబరు 2 నుంచి ఆ మెడికల్ రిపోర్టు ఐ-693 లేకుండా ఐ-485 పంపితే తిప్పి పంపేయొచ్చు. ఆ పరీక్ష చేసే సివిల్ సర్జన్ అంటే గవర్నమెంట్ డాక్టర్ కాదు, యూఎస్‌సీఐఎస్ గుర్తించిన మామూలు డాక్టరే. రిపోర్టు సీలు వేసిన కవర్లో ఇస్తాడు, ఆత్రంగా చింపకు. టీబీకి రక్తపరీక్ష చేస్తారు. చిన్నప్పుడు మనకేసిన బీసీజీ టీకా వల్ల ఆ పరీక్ష పాజిటివ్ రాదు, అది చేతి మీద సూదితో వేసే పాత పరీక్షతో వచ్చే గొడవ. ఒకవేళ పాజిటివ్ వచ్చినా ఛాతీ ఎక్స్‌రే తీసి ముందుకెళ్తారు, కంగారు పడకు.

కొబ్బరాకు
అక్కా, ఐ-864 గురించి మామగారి కోణం కూడా చెప్పాలి. మా ఆవిడ అప్పటికి చదువుకుంటోంది, జీతం లేదు. ఇద్దరు మనుషుల ఇంటికి పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం చూపించాలి, 2025 లెక్కన 26,437 డాలర్లు. అంచేత మామగారు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టారు. పెళ్లిచూపుల్లో ఆయన నా జీతం అడిగితే నీళ్లు నమిలాను, చివరికి ఆయన ట్యాక్స్ రిటర్న్ నా చేతికొచ్చింది.

ఎడిసన్_పెద్దాయన
నవ్వులాట సరే గానీ, ఆ సంతకం చిన్నది కాదు. విడాకులైనా నిన్ను పోషిస్తానన్న ఆ బాధ్యత పోదు. నువ్వు సిటిజన్ అవ్వాలి, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్ల పని, పూర్తవ్వాలి, లేదా దేశం వదిలి వెళ్లిపోవాలి, లేదా ఇద్దరిలో ఎవరో ఒకరు చనిపోవాలి. పెట్టేవాళ్లకి చదివి వినిపించి పెట్టించండి.

లాయర్ని_కాదు
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. హన్మకొండా, నీ ప్రశ్నలో గ్రీన్‌కార్డు కన్నా పెద్ద విషయం ఓపీటీ. అది మానేయకు. ఐ-485 వేశాం కదా, వర్క్ పర్మిట్ వస్తుంది కదా, ఓపీటీకి మళ్లీ డబ్బులెందుకు అని చాలామంది వదిలేస్తున్నారు.

ఐ-485 పెండింగ్‌లో ఉంటే నువ్వు ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్నట్టే, కానీ అది స్టేటస్ కాదు. రేపు ఏ కారణంతోనో ఐ-485 కొట్టేశారనుకో. ఎఫ్1 బతికుంటే ఓపీటీ చేసుకుంటూ మళ్లీ వేసుకోవచ్చు. ఎఫ్1 పోయుంటే కింద నేల లేదు. 2025 ఫిబ్రవరి 28న యూఎస్‌సీఐఎస్ ఒక మెమో ఇచ్చింది: అప్లికేషన్ తిరస్కరించాక స్టేటస్ లేనివాళ్లకి ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు ఇవ్వాలని. అప్పటిదాకా ఇలాంటి కేసులు చాలావరకు చూసీ చూడనట్టు వదిలేసేవారు. ఇప్పుడు ఆ రోజులు లేవు. సాన్ డియాగోలో ఇంటర్వ్యూకి వెళ్లిన కొందరిని, సిటిజన్ల భార్యాభర్తలని కూడా చూడకుండా, వీసా గడువు దాటిందని అక్కడే ఐస్ (ఇమిగ్రేషన్ పోలీసు) వాళ్లు పట్టుకున్నారని 2025 నవంబరులో వార్తలొచ్చాయి.

ఇంకోటి. నీ చేతికి రెండు వర్క్ పర్మిట్ కార్డులు రావొచ్చు. ఒకటి ఓపీటీది, కేటగిరీ సీ3బీ. రెండోది ఐ-485 తాలూకు సీ9. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు కంపెనీ పని అనుమతి చూసే ఐ-9 ఫారంలో ఓపీటీ కార్డే చూపించు. సీ9 మీద పని మొదలుపెడితే ఎఫ్1 వదులుకున్నట్టేనని చాలామంది లాయర్లు చెప్తారు. ఓపీటీలో 90 రోజుల నిరుద్యోగం పరిమితి దాటిపోతోందన్నప్పుడో, ఓపీటీ అయిపోయాకో సీ9 బయటికి తియ్యి. ఆ సీ9 కూడా 2025 డిసెంబరు 5 నుంచి 18 నెలలకే ఇస్తున్నారు, అంతకు ముందు అయిదేళ్లకి ఇచ్చేవారు.

ఓపీటీ దరఖాస్తు చదువు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి, తర్వాత 60 రోజుల లోపు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే నీ డీఎస్‌ఓకి చెప్పి కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ఎఫ్1 కాగితం) తీసుకో. పెళ్లి సంగతి కూడా దాచక్కర్లేదు, పెళ్లి చేసుకోవడం ఎఫ్1 రూల్స్‌కి విరుద్ధం కాదు.

హైవే_65
అన్నా, మరీ భయపెడుతున్నవ్. మా కజిన్ అడ్వాన్స్ పెరోల్ తీసుకొని పోయి సూర్యాపేటల పెళ్లి చేసుకొని వచ్చిండు, ఏం కాలే. ఆగస్టుకి ఇంక చాలా టైముంది, ఐ-131 వచ్చేస్తది. అమ్మ ముచ్చట తీరుతది, ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ గూడ మునగది.

లాయర్ని_కాదు
మీ కజిన్‌కి ఏం కాలేదంటే సంతోషమే. ఆయన ఏం ఒదులుకున్నాడో కూడా చెప్పాలి కదా. అడ్వాన్స్ పెరోల్ మీద లోపలికొస్తే ఎఫ్1 మీద వచ్చినట్టు కాదు, పెరోలీగా వచ్చినట్టు. ఆ రోజుతో ఎఫ్1 ఖతం. తర్వాత మొత్తం బరువు ఒక్క ఐ-485 మీదే. కేసు శుభ్రంగా ఉంటే, ఎక్కడా పోలీసు కేసు లేకుంటే, చాలామంది వెళ్లొస్తున్నారు, కాదనను. అసలు పెరోల్ కాగితం చేతికి రాకుండా విమానం ఎక్కితే ఐ-485 వదిలేసుకున్నట్టే. హెచ్‌1, ఎల్1 ఉద్యోగ వీసాల వాళ్లకి మినహాయింపు ఉంది, ఎఫ్1కి లేదు. పాస్‌పోర్టులో 2029 స్టాంపు ఉంది కదా అని దాని మీద వచ్చేయొచ్చనుకుని ఇరుక్కునేది ఇక్కడే.

ఆగస్టుకి ఐ-131 వస్తుందని కూడా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కొందరికి త్వరగా వస్తుంది, కొందరికి గ్రీన్‌కార్డే ముందొస్తుంది. ముహూర్తం పెట్టుకుని దాని కోసం ఎదురుచూడటం నాకు నచ్చదు.

హైవే_65
ఎఫ్1 అంత గట్టిదైతే 2025 ఏప్రిల్‌ల చిన్న చిన్న ట్రాఫిక్ కేసులకు గూడ సెవిస్ (గవర్నమెంటోళ్ల స్టూడెంట్ డేటాబేస్) రికార్డులు ఎట్ల లేపేసిన్రు మరి?

లాయర్ని_కాదు
ఆ పాయింటు ఒప్పుకుంటా. వేలమందివి తీసేశారు, కోర్టులకెక్కాక ఆ నెలాఖరుకల్లా తిరిగి పెట్టడం మొదలుపెట్టారు. ఎఫ్1 ఉక్కు కోట అని నేననను. ఉన్న ఒక్క ఆధారాన్ని మన చేతులతో మనం తీసేసుకోవద్దంటున్నా, అంతే.

గచ్చిబౌలి_గీత
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. నేనూ ఎఫ్1. మా వాడికి గ్రీన్‌కార్డు ఉంది, సిటిజన్ కాదు. మాకూ ఇదే ప్రాసెసా?

అత్తిలి_అమ్మాయి
కాదమ్మా, చాలా తేడా. గ్రీన్‌కార్డు వాళ్ల భార్యాభర్తలు ఎఫ్2ఏ కేటగిరీ. నెలనెలా వీసా బులెటిన్ చూసుకోవాలి, తేదీ వచ్చేదాకా ఐ-485 వేయలేవు. పైగా సిటిజన్ జీవితభాగస్వామికి స్టేటస్ తప్పినా, అనుమతి లేకుండా పని చేసినా ఇచ్చే మినహాయింపు నీకు వర్తించదు. నువ్వు ఒక్కరోజు కూడా స్టేటస్ చెడగొట్టుకోకుండా ఉండాలి. మీ వాడు సిటిజన్‌షిప్‌కి అర్హుడైతే వెంటనే ఎన్-400 వేయమను.

ఫ్రెండ్_కోసం_అడుగుతున్నా
హెచ్‌1బీకి లక్ష డాలర్లు అంటున్నారు, లాటరీ రావట్లేదు. ఫ్రెండ్‌కి ఒక సిటిజన్ అమ్మాయి డబ్బు తీసుకుని పేపర్ మ్యారేజ్‌కి ఒప్పుకుంది. ఎంత రిస్క్?

మోడరేటర్
ఈ ప్రశ్నకి ఒక్కటే జవాబు, తర్వాత ఈ ముచ్చట ఇక్కడ కొనసాగదు. ఇమిగ్రేషన్ కోసం దొంగ పెళ్లి ఫెడరల్ నేరం. అయిదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా, ఇద్దరికీ. 1986లో దీని కోసమే ప్రత్యేకంగా చట్టం చేశారు. ఒకసారి దొంగ పెళ్లి అని తేలితే తర్వాత నిజంగా ప్రేమించి పెళ్లి చేసుకున్నా, కంపెనీ వేసినా, ఏ పిటిషనూ ఆమోదించరు. అన్నట్టు ఆ లక్ష డాలర్ల ఫీజు దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకి. ఇక్కడే ఉండి ఎఫ్1 నుంచి హెచ్‌1కి మారేవాళ్లకి వర్తించదని 2025 అక్టోబరులో యూఎస్‌సీఐఎస్ చెప్పింది. మీ ఫ్రెండ్‌కి అది చెప్పండి.

పేరొద్దు_ప్లీజ్
నా పెళ్లి నిజమైనదే. మా ఆయన సిటిజన్. పెళ్లయ్యి ఏడాది దాటింది, ఐ-130 వేస్తా వేస్తా అంటాడు, వెయ్యడు. గొడవైతే ‘ఒక్క ఫోన్ కొడితే నిన్ను ఇండియా పంపిస్తారు’ అంటాడు. పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉంది. చేయి కూడా చేసుకున్నాడు. అమ్మావాళ్లకి చెప్తే సర్దుకో అంటున్నారు.

అత్తిలి_అమ్మాయి
చెల్లీ, ముందు ఇది విను. ఆయన వెయ్యకపోయినా నువ్వే వేసుకోవచ్చు. హింసకి గురైనవాళ్ల కోసం ఉన్న వావా చట్టం కింద ఐ-360 అని ఉంది, ఫీజు లేదు, ఆయన సంతకం అక్కర్లేదు, ఆయనకి చెప్పరు కూడా. చట్టమే ఆ గోప్యత ఇస్తోంది. కేవలం ఆయన చెప్పిన మాట పట్టుకుని అధికారులు నీ మీద నిర్ణయం తీసుకోకూడదని కూడా అందులోనే ఉంది. దెబ్బల ఫోటోలు, మెసేజులు ఆయనకి తెలియని ఈమెయిల్‌కి పంపి పెట్టుకో. గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగు మనిషి కావాలంటే దుబాసీని లైన్లోకి తెస్తారు. ఆ ఫోన్ కాల్ కూడా ఆయన చూసే ఫోన్ నుంచి చెయ్యకు. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

ఎడిసన్_పెద్దాయన
అమ్మా, పాస్‌పోర్ట్ ఆయన సొత్తు కాదు. పోయిందని రిపోర్టిచ్చి కాన్సులేట్ నుంచి కొత్తది తీసుకోవచ్చు. సర్దుకోమన్న వాళ్లతో మేము మాట్లాడాలన్నా మాట్లాడతాం.

మిచిగన్_మనోహరం
నాది పాత కథ. 2019లో నేను చదువుతున్న చోటు మూతపడి సెవిస్ పోయింది. ఎటూ వెళ్లలేక ఉండిపోయాను. ఇప్పుడు సిటిజన్‌తో పెళ్లైంది. స్టేటస్ లేకుండా ఇన్నేళ్లున్నాక ఐ-485 వేసే అర్హత ఉందా?

లాయర్ని_కాదు
అర్హత ఉండే అవకాశం ఎక్కువే. సక్రమంగా వీసా మీద, ఆఫీసర్ ముందు నుంచి దేశంలోకి వచ్చావు, భార్య సిటిజన్, కాబట్టి స్టేటస్ పోవడం ఒక్కటే అడ్డు కాదు. కానీ దేశం దాటకు. బయటికి పోతే కథ మారిపోవచ్చు. ఆ 2019 వ్యవహారంలో కోర్టు నోటీసు ఏమైనా వచ్చిందా అన్నది ముందు తేల్చుకో. కేసు ఇమిగ్రేషన్ జడ్జి దగ్గరుంటే దారి వేరు. ఫార్మింగ్టన్ పేరుతో హోంలాండ్ సెక్యూరిటీ వాళ్లే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీలో మన పిల్లలు ఎంతమంది చిక్కుకున్నారో చూశాం. అలాంటి చరిత్ర ఉంటే ఫోరంలో అడిగి ఫారాలు నింపే కేసు కాదు ఇది. లాయర్ని పెట్టుకో, ఇంటర్వ్యూకి లాయర్‌తోనే వెళ్లు.

హన్మకొండ_కుర్రోడు
అందరికీ శతకోటి దండాలు. నిన్న రెండిళ్లోళ్లని వీడియో కాల్‌ల కూసోపెట్టి మాట్లాడినం. మా అమ్మ ముందు అలిగింది. మా నాన్నకు, అమ్మకు విజిటర్ వీసా ఉన్నది, అక్క డెలివరీకి తీసుకున్నరు. ఆఖరికి ఏం తేలిందంటే, ఇక్కడ్నే కౌంటీల లైసెన్సు తీసుకొని పెళ్లి, వెంటనే పేపర్లు. ఓపీటీ వేరేగ వేస్త. శ్రావణంల అమ్మానాన్న వచ్చి ఫ్రిస్కో గుళ్లె పెళ్లి చేస్తరు. హన్మకొండ రిసెప్షన్ గ్రీన్‌కార్డు వచ్చినంక. రెండు డౌట్లు ఉన్నయి. రెండు పెళ్లిళ్లు అయితే ఫారంల ఏ తేదీ రాయాలె? ఇంటర్వ్యూల ఏమడుగుతరు?

అత్తిలి_అమ్మాయి
కౌంటీ లైసెన్సు మీద మొదట జరిగిందే చట్టప్రకారం పెళ్లి. అన్ని ఫారాల్లో ఆ తేదీయే. టెక్సస్‌లో లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగి పెళ్లి చేసుకోవాలి, అదే రోజు జడ్జి దగ్గరికి పరిగెత్తకు. పెళ్లి జరిపించినవారి సంతకంతో లైసెన్సు మళ్లీ క్లర్క్ ఆఫీసుకి చేరితేనే సర్టిఫికెట్. ఆ తేదీ నుంచి రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్ల షరతుల కార్డు. గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. మర్చిపోయేవాళ్లు ఉన్నారు నమ్ము.

ఇంటర్వ్యూ మాది అరగంట కూడా పట్టలేదు. ఎక్కడ కలిశారు, ముందు ఎవరు అడిగారు, ఇంట్లో చెత్త డబ్బా ఎవరు బయట పెడతారు. చెత్త దగ్గర మా ఆయన ‘నేనే’ అన్నాడు, నేను ‘నేనే’ అన్నాను, ఆఫీసరావిడ పెన్ను కింద పెట్టి ఇద్దరినీ చూసింది. మంగళవారం తను, శుక్రవారం నేను అని చెప్పేసరికి నవ్వేసింది. ఆల్బమ్ తిప్పుతూ జీలకర్ర బెల్లం ఫోటో దగ్గర ఆగి, ఇద్దరి మధ్య ఈ గుడ్డ ఎందుకు కట్టారని అడిగింది. అడ్డుతెర సంగతి చెప్తే ఆసక్తిగా విని ఫైల్లో ఏదో రాసుకుంది. అనుమానం వస్తే మాత్రం ఇద్దరినీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు.

తాళి, మెట్టెలు చూపిస్తే చాలదు. ఇద్దరి పేర్లున్న లీజు, బ్యాంకు ఖాతా, కారు ఇన్సూరెన్స్, ఫోన్ ప్లాన్, కాస్ట్‌కో కార్డు, ఇవి కావాలి. ట్యాక్స్ కలిపి వేస్తే మంచిదే, కానీ నువ్వు ఇంకా నాన్ రెసిడెంట్ లెక్కలో ఉంటే, కలిపి వేయడానికి రెసిడెంట్‌గా లెక్కించమని ఎంచుకోవాలి. అప్పుడు ఇండియా ఖాతాల వడ్డీ కూడా చూపించాలి. సీఏ మామయ్యని కాదు, ఇక్కడి ట్యాక్స్ మనిషిని అడుగు.

హన్మకొండ_కుర్రోడు
అక్కా ఒక్కటే ఆఖరిది. నా బర్త్ సర్టిఫికెట్ మున్సిపాలిటీది ఉన్నది గానీ అందుల నా పేరు లేదు. ‘మేల్’ అని, అమ్మానాన్న పేర్లు, తేదీ. అంతే. పాస్‌పోర్టుకు పదో తరగతి మెమో పెట్టినం అప్పట్ల.

కొబ్బరాకు
మన రెండు రాష్ట్రాల్లో సగం మందివి అవే బాబూ. పేరు పెట్టేలోపే ఆసుపత్రి నుంచి రికార్డు వెళ్లిపోయింది.

ఎడిసన్_పెద్దాయన
అలా పంపితే తర్వాత ఆధారాలు కావాలని ఉత్తరం వస్తుంది, నెలలు పోతాయి. మీ నాన్నగారు అక్కడే ఉన్నారు కదా, మీసేవలో పేరు చేర్పించమని దరఖాస్తు పెట్టమను. మెమో, ఆధార్, ఆయన ఆధార్ జత చేస్తే సరిపోవాలి. ఇంటిపేరు, ఇనీషియల్ పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. మన వాళ్లు ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక రాసి ఫారాలు నింపేవాళ్ల ప్రాణం తీస్తారు. దాంతోపాటు నువ్వు పుట్టినప్పుడు తెలిసిన ఇద్దరి చేత అఫిడవిట్లు. పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ఆ విషయం తనకెలా తెలుసో ఉండాలి.

హన్మకొండ_కుర్రోడు
మా మేనత్త దవాఖానల అమ్మ దగ్గర్నే ఉన్నదట ఆ దినం. ఆమెతోటి రాయిస్త. సోమవారం కౌంటీ క్లర్క్ ఆఫీసుకు పోతున్నం.

కొబ్బరాకు
పాస్‌పోర్ట్ పట్టుకెళ్లు, ఫోటోకాపీ కాదు, ఒరిజినల్. ఫీజు ఎంతో ఆ కౌంటీ సైట్లో చూసుకో. శ్రావణంలో ఫ్రిస్కో గుడికి మమ్మల్నందర్నీ పిలవాలి మరి.